స్వాముల డిపార్టుమెంటు

నేను సోషియాలజిస్టుని. కొత్తగా పుట్టుకొచ్చే మతాలూ, వాటి స్వాములూ నా సబ్జెక్టు. ఈ సంగతి ఎవరికీ వివరించలేక అమలాపురంలో మా వాళ్లు "స్వాముల డిపార్టుమెంటు" అని సరిపెట్టేశారు. పెళ్లికి వెళ్లి విస్తరి ముందు కూర్చున్నానో లేదో, ఫలానా బాబా అసలా నకిలీయా అని ఎవరో ఒకరు మొదలెడతారు. అది తేల్చడం నా పని కాదంటే, మరి జీతం ఎందుకిస్తున్నారని జాలిపడతారు.

మా ప్రాంతంలో ఇంటర్వ్యూలు చేయడమూ అంత తేలిక కాదు. మరీ మర్యాదస్తులు. మీ స్వామి దేవుడేనాండీ అంటే "ఆయ్" అంటారు. మామూలు మనిషేనేమో అంటే దానికీ "ఆయ్" అంటారు. కాదంటే నేనెక్కడ నొచ్చుకుంటానో అని. సాయంత్రానికి నా దగ్గర మిగిలేది ఆ ఒక్క మాటే.

ఒకరోజు మా బాబాయిగారు పిలిపించారు. ఆయన వేద పండితులు. ఆయన అక్కయ్య, అంటే మా మేనత్త, అల్లవరం దారిలో ఎవరో కొత్త స్వామి దగ్గర చేరిపోయిందట. చిన్నప్పుడే భర్త పోయి, బాబాయిగారింట్లో వంటావార్పూ చూస్తూ బతికిన మనిషి. వచ్చేవారం బాబాయిగారి కొత్తింటి గృహప్రవేశం. సొంత అక్క లేకపోతే నలుగురూ ఏమనుకుంటారని ఆయన బెంగ. నీ చదువు ఇప్పుడైనా అక్కరకు రావాలమ్మా, వెళ్లి తీసుకురా అన్నారు.

వెళ్లాను. ఎండగట్టిన రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. స్వామిగారు పూర్వాశ్రమంలో రొయ్యల మేత డీలరు. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ, శ్వాస అంటే చెరువులో గాలి కొట్టే ఏరేటర్ లాంటిదనీ, అది ఆగిందంటే తెల్లారేసరికి పంటంతా పోయినట్టేననీ ప్రవచనం చెబుతున్నారు. నవ్వాపుకోవడానికి పెన్ను కొరికాను. మా ఇంటి వ్యాఖ్యానాలన్నిటికంటే ఆ ముక్క నాకు బాగా అర్థమైంది, అది వేరే సంగతి.

తర్వాత హారతి. అక్కడి ఆచారం ప్రకారం హారతి పళ్లెం భర్త పోయిన ఆడవాళ్ల చేతికే ఇస్తారు. మిగతావాళ్లంతా వాళ్ల దగ్గరే కళ్లకద్దుకోవాలి. ఆవేళ పళ్లెం మా అత్తయ్య చేతిలో ఉంది. మా ఇంట్లో శుభకార్యం జరుగుతుంటే ఆవిడ వంటింటి గడప దాటడం నేనెన్నడూ చూడలేదు. ఇక్కడ పసుపుబట్టలతో వచ్చిన కొత్త జంట కూడా వంగి ఆవిడ దగ్గర హారతి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం స్వామి మీద కాదు.

జనం పలచబడ్డాక బాబాయిగారి మాట చెప్పాను. అత్తయ్య విసుక్కోలేదు.

"వస్తానే. ఆ రోజు గుమ్మంలో హారతి నా చేత ఇప్పిస్తాడేమో కనుక్కో. ఇప్పిస్తానంటే ఇప్పుడే నీతో బయల్దేరతాను."

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. ఒక్క మంత్రానికి పూటంతా అర్థం చెప్పగల బాబాయిగారు నా ప్రశ్న విని, సిగ్నల్ సరిగా లేదమ్మా, ఏమీ వినబడటం లేదని పెట్టేశారు. ఆయన మంచినీళ్ల చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా నాకు వినబడింది.

సిగ్నల్ లేదట అని అత్తయ్యకి చెప్పాను.

"వాడికి వినబడే ఉంటుంది లేవే" అంది.

గృహప్రవేశానికి ఆవిడ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.