4194301, కామరాజు మీసం

అమీర్‌పేటలో ప్రతి బోర్డూ ఉద్యోగం గ్యారంటీ అని అరిచే రోజుల్లో, కామరాజు బోర్డొక్కటే కయ్యానికి కాలుదువ్వేది. "ఆప్టిట్యూడ్ క్లాసులు. ఫోన్: 4194301. ఇది ప్రధాన సంఖ్య. ఒకటి కాక, ఇదే కాక, మరేదైనా దీన్ని భాగిస్తుందని చూపిస్తే మీసం తీయిస్తా."

ఆ మీసం భీమవరం నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల ప్రవేశ పరీక్షలకు లెక్కలు చెప్పే బక్క మనిషికి క్లాసులో సగం గౌరవం దానివల్లే.

"ఇరవై రెండు రెండ్లు వరసగా గుణించి మూడు తీసేయండి, నా ఫోన్ మోగుద్ది" అనేవాడు. కులాలంటే మండిపడే మనిషి, సంఖ్యలకు మాత్రం గోత్రాలు చూసేవాడు. తన నంబరు బేసి, ప్రధానం, నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే శాఖ. మధురానగర్ హాస్టళ్ల పిల్లలు రెండేళ్లు కాల్క్యులేటర్లు అరగదీసినా మీసం మీద వెంట్రుక రాల్లేదు.

పక్కగదిలో రామ్మోహనరావు గారు జనం పేర్లలో అక్షరాలు పెంచి అదృష్టం ఇస్తుండేవారు. ఈ నంబరును మొదటిరోజే కూడేశారు.

"ఇరవై రెండు. రెండూ రెండూ నాలుగు. రాహువండీ. మార్పించుకోండి."

"అంకెలు కూడి బతికేవాళ్లతో నాకు మాటల్లేవండి."

అక్కడే కామరాజుకు తెగులు పట్టింది. మూడో ఎక్కంలో పోతుందో లేదో తెలియాలంటే అంకెలు కూడండని ప్రతి బ్యాచికీ చెప్పే మనిషే, తన నంబరు అంకెల్ని కూడటం మూఢనమ్మకం కింద కట్టేశాడు.

ఇంతలో ఊళ్లో ప్రతి నంబరు ముందూ ఒక రెండు చేరుస్తున్నామని టెలిఫోన్ వాళ్లు ప్రకటించారు. కామరాజు స్టూలెక్కి, స్వయంగా పెయింటు ముంచి, బోర్డు మీద 24194301 చేశాడు. కింద సవాలు అలాగే ఉంది. ఏడంకెలు నిలబడ్డచోట ఎనిమిదోది నిలబడదా అనుకున్నాడు కాబోలు.

మర్నాడు క్లాసు నడుస్తుండగా రామ్మోహనరావు గారు గుమ్మంలోకొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"కామరాజు గారూ, దశ తిరిగిందండీ! మొత్తం ఇరవై నాలుగు. రెండూ నాలుగూ ఆరు. శుక్రుడు!"

"క్లాసు జరుగుతుంది, తర్వాత రండి."

రెండో బెంచీలోంచి ఇఫ్ఫత్ లేచింది. "సార్, మొత్తం ఇరవై నాలుగా?"

"ఆయన మాటలు పట్టించుకోకమ్మా."

"పట్టించుకోను సార్. కానీ గట్లయితే మూడో ఎక్కంల పోతది. మీరే చెప్పిండ్రు కదా."

ఇఫ్ఫత్ నల్లబల్ల దగ్గరికొచ్చి మూడుతో భాగించింది: 8064767. శేషం సున్నా.

"నేను పందెం కాసింది ఏడంకెల మీద" అన్నాడు కామరాజు.

"బోర్డు మీద ఎనిమిదున్నయి సార్. ముంగటి రెండు మీరే వేసిండ్రు, నేన్ చూసిన."

రామ్మోహనరావు గారికే జాలేసింది. "పోనీండి, మీసం తీస్తే శుక్రుడికి దోషం..."

ఆ మాటతో కామరాజు లేచాడు. గ్రహాల పేరు చెప్పుకుని మీసం దక్కించుకోవడం కంటే గీయించుకోవడమే నయం అనిపించింది. బ్యాచంతా వెంటరాగా కింద మెహబూబ్ సెలూన్‌లో కుర్చీ ఎక్కాడు.

మెహబూబ్ నురగ పట్టించి కత్తి ఎత్తాడు. కామరాజు కళ్లు మూసుకున్నాడు. పెదాలు మాత్రం ఆగడం లేదు.

"ఎనభై లక్షల అరవై నాలుగు వేల ఏడువందల అరవై ఏడు... ఏడుతో పోదు... పదకొండుతో పోదు... పదమూడు..."

"సార్, జర నోరు మూస్కోండ్రి" అన్నాడు మెహబూబ్. "పెదవి సుత పోతది."