బల్ల మీద రెండు దెబ్బలు

మొన్న శుక్రవారం మా గల్లీ దర్జీ చాచా కన్నుమూశారు. కాలేజీ నుంచి వస్తుంటే ఆయన దుకాణం ముందు గుట్టగా చెప్పులు కనిపించాయి. లోపలికి అడుగు పెట్టకముందే తెలిసిపోయింది.

చాచాకు ఎనిమిదో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. మాట మిగిలింది, జెర మొద్దుగా, గట్టిగా. మా ముఖాలు చూసి మా మాట పట్టుకునేవారు. వెనక నుంచి పిలవాలంటే, ఆయన మిషను ముందేసుకుని కూర్చుని కుట్టే చెక్కబల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. అదురు ఒంటికి తగిలి, "ఆ, చెప్పు బిడ్డా," అంటూ తిరిగేవారు. నడక నేర్చిన పిల్లలకు సుత ఆ పద్ధతి తెలుసు.

ఆయనకు మూకీ సినిమాలంటే ప్రాణం. "అప్పుడు హాల్లో అందరం ఒక్కటే. బొమ్మకు మాటలొచ్చినంక నన్ను బయటికి పంపిన్రు," అనేవారు. నిజమే. కంటోన్మెంటులో వేసే ఇంగ్లీషు బొమ్మల్లో చెవిటివాడంటే చెవిలో గొట్టం పెట్టుకున్న వెర్రి ముసలాడు. మద్రాసు బొమ్మల్లో ఒకటడిగితే ఇంకోటి చెప్పేవాడు. బొంబాయి బొమ్మలో దొంగ చెవిటి: వెనక ఇత్తడి పళ్లెం పడగానే తిరిగి చూసి పట్టుబడతాడు. అన్నిటికీ నవ్వాను. పళ్లెం దగ్గర చప్పట్లు కూడా కొట్టాను.

నాలుగేళ్ల కింద, పోలీసు చర్య జరిగిన వారం గల్లీలో సోదాలు. ఒక జవాను దుకాణంలోకి వచ్చి వెనక నుంచి ఏదో అడిగాడు. చాచా కుడుతూనే ఉన్నారు.

"ఆయనకు వినపడది సాబ్," అంది మా అమ్మ గుమ్మంలోంచి.

"అంతా నాటకం! రజాకార్లకు కబుర్లు మోసేటోడేమో," అన్నాడు గల్లీకి కొత్తగా వచ్చిన ఒకతను.

జవాను తుపాకీ మడమతో బల్ల మీద కొట్టాడు. చాచా తిరిగారు.

"చూసిన్రా! సినిమాల సుత గిట్లనే దొరికిండు!"

గుంపును తోసుకుని వెళ్లి జవానుకు ఇంగ్లీషులో చెప్పాను: ఆయనకు తెలిసింది చప్పుడు కాదు, చెక్క అదురు, రాతినేల మీద నిలబెట్టి చూడండి. నిలబెట్టారు, నాకు ఎదురుగా. చాచా కళ్లు నా ముఖం మీదే. ఏం చేశానో అప్పుడు అర్థమైంది. వెనక ఏం జరిగినా ఆయన నా ముఖంలో చదివేస్తారు. నేను ఉలిక్కిపడితే ఆయన తిరుగుతారు. తిరిగితే అంతే.

జవాను ఆయన తల వెనక తుపాకీ బోల్టు ఠక్కున లాగాడు. నా ముఖం కదలనివ్వలేదు. చెవి దగ్గర అరిచాడు. మళ్లీ లాగాడు. చాచా కదల్లేదు.

"జానే దో," అని జవాను వెళ్లిపోయాడు.

వారం రోజులు చాచా నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు నా జాకెట్టుకు గుండీలు కుడుతూ అన్నారు: "నీ ముఖం గోడ లెక్క ఉండె. ఆ దినమే నాకు నిజంగ చెవుడొచ్చింది, బిడ్డా." నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "మంచిగనే చేసినవ్. మల్ల చెయ్యకు."

ఇప్పటికీ సినిమాలకు వెళ్తాను. చెవిటి పాత్ర రాగానే తెరను వదిలి, నవ్వే ముఖాలను చూస్తాను.

శుక్రవారం మగవాళ్లు జనాజా తీసుకుపోయాక, ఆడవాళ్లం దుకాణంలోనే కూర్చున్నాం. సంగతి తెలియని ఒకాయన పాయిజామా కోసం వచ్చి, అలవాటుగా బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాడు. బల్ల మీది దారపు ముక్కలు ఎగిరి పడ్డాయి. మేమందరం మిషను వైపు తిరిగాం.