కాకి ఎత్తుకెళ్లిన మాత్రల రేకు

కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో నీ కవిత్వం వద్దు.

మీ తాతయ్యకి గుండె మాత్రలు మొదలైన రోజులవి. రాజమండ్రిలో ఉండేవాళ్లం. ఖరీదైన మాత్రలు కదా, ఆయన కంపెనీ తరఫున ఇన్సూరెన్సువాళ్లు ఇప్పించేవారు. ఊరికే ఇస్తారా? ప్రతినెలా డాక్టరు చీటీ తీసుకుని మెడికల్ షాపాయన ఫ్యాక్సు పంపాలి. అక్కణ్ణుంచి సరేనని కాగితం వస్తేనే మాత్రలు. పోయిన నెల ఖాళీ రేకులు మూడూ కూడా ఆయనకి అప్పగించాలి. మనం మింగామో, ఎవరికైనా అమ్ముకున్నామో అని వాళ్ల అనుమానం.

మీ తాతయ్యేమో మాత్రలు రాగానే అన్నీ ఊడదీసి నా కుంకుమ భరిణెలో పోసుకునేవారు. రేకులు తళతళలాడుతూ మిగిలేవి. నేను వాటిని దారానికి కట్టి, మేడమీద గుమ్మడి వడియాల పైన వేలాడదీసేదాన్ని. ఆ మెరుపుకి కాకులు రావని.

ఓ నెల భరిణెలో రెండే మాత్రలు మిగిలాయి. రేకులు తీద్దామని మేడెక్కితే రెండే ఉన్నాయి. మూడోది పక్కింటి కొబ్బరిచెట్టు మీద కాకిగూట్లో మెరుస్తోంది.

షాపాయన రెండు రేకులూ అటూ ఇటూ తిప్పాడు.

"మూడోదేదండీ?"

"కాకెత్తుకెళ్లిందండీ."

"పిన్నిగారూ, ఫారంలో 'చిరిగింది' అని గడి ఉందండీ. కాకికి గడి లేదు. మొన్నామధ్య ఒకాయనకి రేకు లేకుండా జాలిపడి ఇచ్చేస్తే, మూణ్ణెల్లు ఇన్సూరెన్సువాళ్లు నా షాపుని లిస్టులోంచి తీసేశారండి."

"నీ వడియాలు క్షేమం. ఇక నా సంగతి చూడు" అన్నారు మీ తాతయ్య, నేనింటికొచ్చి చెబితే.

కొబ్బరికాయలు దింపే అతన్ని పిలిపించాను.

"ఎన్ని కాయలండీ?"

"కాయలొద్దు నాయనా. గూట్లో మందుల రేకుంది, అది తే."

అతను నన్నొదిలేసి మీ తాతయ్య వంక చూశాడు. "అమ్మగారికి ఒంట్లో బాగానే ఉందాండీ?"

"గుండె జబ్బు నాది. బుర్ర ఆవిడది. నువ్వెక్కు" అన్నారాయన.

కాకులు నెత్తిమీద పొడుస్తుంటే తిట్టుకుంటూ దిగాడు. రేకుతోపాటు ఏడాది కిందట పోయిన నా స్టీలు చెంచా కూడా తెచ్చాడు. దానికోసం పనిమనిషిని ఎన్ని మాటలన్నానో.

రేకు మీది కాకిముక్కు పోట్లు చూసి షాపాయన 'చిరిగింది' గడిలో టిక్కు పెట్టాడు. మర్నాడు పొద్దున్న మీ తాతయ్య ఆఖరి మాత్ర వేసుకుని వీధి అరుగు మీదే కూర్చున్నారు. అన్నానికి పిలిచినా లేవలేదు. మధ్యాహ్నం షాపాయనే కాగితం, మాత్రలూ పట్టుకుని సైకిలు మీద వచ్చాడు.

ఆ రోజు నుంచీ రేకులకి నా నగలపెట్టె, దానికి తాళం. నగలేమయ్యాయంటావా? మీ తాతయ్యే తీసి కందిపప్పు డబ్బాలో పెట్టారు, నాకు చెప్పకుండా. ఓనాడు పప్పు ఎసట్లో పోసి గరిటె పెట్టి తిప్పుతున్నాను కదా...

"అత్తయ్యా, అన్నం చల్లారిపోతోంది, రండి."

వస్తున్నానమ్మా. రాస్తున్నావా, గరిటెకి ఏదో గట్టిగా తగిలింది, పైకి తీసి చూద్దును కదా, నా కాసులపేరు!