మా ఆయన నున్నటి కాళ్ళు

టీవీలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల మధ్య సాగే సైకిల్ రేసు చూసి మా ఆయనకి పిచ్చి పట్టింది. రోడ్ బైక్ అని ఓ రేసు సైకిల్ కొని, వారంవారం దాన్ని కారు మీద కట్టుకుని, అమెరికాలో మేముండే అల్ఫారెట్టా నుంచి పైన కొండల్లోకి పోయేవాడు. ఓ శనివారం కాళ్ళు నున్నగా షేవ్ చేసుకుని బాత్‌రూమ్‌లోంచి వచ్చాడు.

"సైక్లిస్టులందరూ చేసుకుంటారు" అన్నాడు.

మా వంశంలో కాళ్ళు గీసుకున్న మగాడు లేడు. ఎవతి కోసమో అనుకున్నాను.

పై వారం నా కారులో వెనకే వెళ్ళాను. ఏటి పక్క రోడ్డు మీద, ఓ ద్రాక్షతోట గేటు దగ్గర ఆగాడు. అక్కడ సైకిళ్ళతో ఓ గుంపు ఉంది. అందరూ మగాళ్ళే, తల నెరిసినవాళ్ళతో సహా అందరివీ నున్నటి కాళ్ళే. సరే, అబద్ధం కాదు.

కారు వెనక్కి తిప్పబోతూ మళ్ళీ చూశాను. మా ఆయన నేల మీద చతికిలబడి ఎవరిదో పంక్చర్ వేస్తున్నాడు. తర్వాత లేచి, పొద్దున్నే నేను కలిపిచ్చిన ఫిల్టర్ కాఫీ ఫ్లాస్క్ తీసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పోశాడు. ఖాళీ కప్పులు కూడా తనే ఏరాడు.

ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తను లేచి తీసుకోడు. అక్కడ ఆడదే కనిపించి ఉంటే నాకంత మండేది కాదు.