మడ చెట్టుకు నేను కట్టిన ముడి

ఎనిమిదేళ్లుగా ఒక మనిషి నా తప్పును తన తప్పనుకుని బతుకుతున్నాడు. అలా బతకనిచ్చింది నేను. ఈ బరువు ఇంతవరకు ఎవరి ముందూ దించలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇదీ పిరికితనమేనేమో.

నేను బందరులో టీచర్ని. విమల మా బడిలోనే లెక్కలు చెబుతుంది. ఎనిమిదేళ్ల కిందట సెలవుల్లో ఇద్దరం నాగాయలంక వెళ్లి నాంచారయ్య గారి ఇంజను పడవ మాట్లాడుకున్నాం. అరవై దాటిన మనిషి. పడవ వేరొకరిది, నడిపేది ఆయన. కృష్ణ మీంచి మడ అడవిలోకి తిరిగాక ఇంజను ఆపేసి, గెడతో నెట్టుకుంటూ సన్నటి పాయల్లోకి తీసుకెళ్లారు. కొంగలు కూడా బెదరలేదు.

మధ్యాహ్నం ఒక మలుపులో పడవను మడ చెట్టుకు కట్టేసి, వంటకని గట్టెక్కి పొదల అవతలికి వెళ్లారు. గాలి లేదు. విమల నిద్రపోయింది. నా మీద ఎండ పడుతోంది. పది అడుగుల అవతల ఇంకో చెట్టు కింద మంచి నీడ ఉంది. పిలిస్తే ఆయనే వచ్చి జరిపేవారు. పిలవలేదు. తాడు కట్టడం కూడా ఒక విద్యేనా అనుకున్నాను. ముడి విప్పి, కొమ్మలు పట్టుకుని పడవను లాగి, ఆ రెండో చెట్టుకు నాకు తోచినట్టు కట్టాను. నీడలో కూర్చుని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

కాసేపటికి ఆటు మొదలై పాయలో నీరు సముద్రం వైపు లాగసాగింది. నా ముడి జారింది. పడవ గిర్రున తిరిగి మొద్దుకు కొట్టుకుని ఒరిగింది. ఉలిక్కిపడి లేచిన విమల పడవ అంచు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కేకలు విని నాంచారయ్య గారు పరుగున వచ్చి బురదలో దూకి, ఈదుకుంటూ పడవను పట్టుకున్నారు. నీళ్లలో వేలాడుతున్న తాడు కొస చేతిలోకి తీసుకుని చూశారు.

"ముడి జారింది టీచరుగారూ. నా చెయ్యే తప్పింది. నలభయ్యేళ్లలో ఎప్పుడూ జారలా."

నోరు తెరిచాను. చెప్పేదాన్నే.

"పోన్లెండి, ఎవరికైనా జరుగుతుంది" అన్నాను.

చూశారా? నా తప్పుకు ఆయన్ని క్షమించాను! ముడి జారడం తెలియనితనం. ఆ మాట? విమల తిడుతుందని భయపడ్డానా, లేక చదువుకున్నదాన్ని, పదిమందికి పాఠం చెప్పేదాన్ని, ఒక తాడు కట్టలేకపోయానని ఆయన ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించిందా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా రెండోదే నిజమనిపిస్తుంది. ఛీ అనిపిస్తుంది.

యజమాని ఆయన్ని మానిపించి పడవ ఇంకొకరికి ఇచ్చేశాడు. విమల మోచెయ్యి మళ్లీ పూర్తిగా సాగలేదు. బోర్డు పై సగం ఆమె వాడదు. "ఆ ముసలాయన అజాగ్రత్త" అంటుంది అప్పుడప్పుడు. నేను తల వంచుకుని నోటుబుక్కులు దిద్దుకుంటాను.

మొన్న వానాకాలంలో ఇక ఉండలేక నాగాయలంక వెళ్లాను. నాంచారయ్య గారి భార్య గుమ్మంలోనే చెప్పింది: "దొడ్లో గేదెని కట్టినా, నువ్వోసారి లాగి చూడవే అంటాడమ్మా. తన చేతి మీద తనకే నమ్మకం పోయింది."

ఆయన ముందు కూర్చుని అంతా చెప్పాను. విప్పింది నేను, కట్టింది నేను అన్నాను. ఆయన చివరిదాకా విని నవ్వారు.

"నా మనసు కుదుటపడాలని అంటన్నారు. ఆ రోజు కూడా మీరు నన్ను పల్లెత్తు మాట అన్లేదు."

ఏం చేయాలి? కోపం వచ్చింది. తాడు అడిగి తీసుకుని, ఆనాడు వేసిన ముడే మంచం కోడుకు వేసి లాగి చూడమన్నాను. ఆయన లాగారు. జారలేదు. బలంగా లాగారు. అయినా జారలేదు.

"బాగానే కట్టారుగా" అన్నారు.

బస్సులో బందరు దాకా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆయన మీద, తాడు మీద, నా మీద. నా అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మిన మనిషి నిజాన్ని నమ్మడేం?

విమల అయితే నమ్ముతుంది. మొదటి మాటకే నమ్ముతుంది. అందుకేనా ఆమెను దాటేసి ముందు ఆయన దగ్గరికి వెళ్లింది?

ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ మాత్రానికైనా నాకు అర్హత ఉందో లేదో తెలియదు. రేపు బడి ఉంది. స్టాఫ్ రూములో విమల కుర్చీ నా పక్కనే.