గుప్పెడు మన్ను

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. కొళాయి దగ్గర బిందె పెట్టుకొని నిలబడి ఉంటే ఆ మాట చెవిన పడింది. చెప్పినావిడ ఆ వెంటనే, "మంచి మనిషి, పాపం" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంచి మనిషి మిద్దె మీద పేడ నానబెడుతోందని ఇంటి యజమానికి చాడీలు చెప్పింది ఈవిడే. బతికున్నంతకాలం ముక్కు మూసుకున్నవాళ్ళు, పోయాక నోరారా పొగుడుతుంటే వినడం నా వల్ల కాదు.

పెద్దమ్మ ఆదోనిలో మా పక్కింట్లో అద్దెకుండేది. పుట్టిల్లు కైరుప్పల. "మా ఊర్లో ఉగాది అయినంక పిడకలతో కొట్టుకుంటారు. దెబ్బ తగిల్నోళ్ళు గూడా నగుకుంట ఇంటికి పోతారు. ఈడ రోంత పేడ వాసనకే సొమ్మసిల్లి పడిపోతాండారు" అనేది.

నాకు మిద్దె తోట నేర్పింది ఆమే. నేర్పింది అనడం కన్నా తిట్టింది అనాలి. మొదట్లో నేను చేలోంచి నల్లమట్టి తెప్పించి కుండీల నిండా కూరాను. నాలుగు ఎండలకే అది బీటలిచ్చి రాయైంది. పిట్టగోడ మీంచి తొంగిచూసి, "నల్లరేగడి చేనుకు బంగారమే, కుండీకి బండ" అంది. మర్నాడు ఎర్రమన్ను, మాగిన పేడ, మిల్లు నుంచి తెచ్చిన శనక్కాయ పొట్టు కలిపి చూపించింది. టమాటా పెడతానంటే ఒప్పుకోలేదు. "ముందు మెంతాకు ఎయ్యి. అది మొలిస్తే నీకు ధైర్యమొస్తాది" అంది. గింజలు చల్లిన మర్నాడే మన్ను గెలికి చూస్తూ దొరికిపోయాను. "ఏమ్మే, నిన్ను నిద్రలో లేపి ఎంత పెరిగినావని అడిగితే ఎట్లుంటాది?"

కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో ఆమె మంచినీళ్ళు చుక్క కూడా మొక్కలకు పోయలేదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళతోనే తోట బతికింది. వంటింటి చెత్తంతా ఎరువు కావడానికి మూత ఉన్న నీలం డ్రమ్ములోకే. తొక్కలు వేసినప్పుడల్లా పైన గుప్పెడు మన్ను చల్లేది. "మన్ను కప్పితే వాసన రాదు. ఆ గుప్పెడు మరిస్తే మన మర్యాద పోతాది" అనేది. ఎన్నడూ మరవలేదు.

పోయే ముందు రోజు సాయంత్రం ఆ డ్రమ్ములో బీరకాయ తొక్కలు వేస్తోంది. నేను మా మిద్దె మీద నుంచి చూస్తూనే ఉన్నాను. కింది నుంచి ఇంటి యజమాని అరిచాడు.

"ఏమమ్మా, ఇది ఇల్లనుకుంటివా, గొడ్ల కొట్టమనుకుంటివా? రేప్పొద్దునకల్లా అంతా తీసెయ్యాల!"

"వస్తాండా అన్నా" అని మూత పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ దిగిపోయింది. తెల్లవారేసరికి గుండె ఆగింది. ఆయన అరుపుకే పోయిందని నేననను. కానీ ఆమె విన్న ఆఖరి మాటల్లో అది ఒకటని నేను మరవను, ఆయన్ని మరవనివ్వను.

పూడ్చడానికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళం వీధి మలుపు దగ్గరే ఆగాలట. మట్టితో బతికిన మనిషికి ఆఖరున గుప్పెడు మన్ను వేసే రాత నాకు లేదట. ఎవరు రాశారు ఆ రాత?

వెనక్కి వచ్చేసరికి యజమాని ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని ఆమె మిద్దె ఎక్కుతున్నాడు. "ఆ డ్రమ్ము కాలవలో పొయ్యండప్పా" అంటున్నాడు. శవం లేచిన ఇల్లు ఇంకా కడగనైనా లేదు! నేను మెట్లకడ్డంగా నిలబడ్డాను.

"ముట్టుకుంటే మర్యాదగా ఉండదన్నా. ఆయమ్మ ఉన్నంతకాలం అరిచినావు. ఇంక ఎవురి మీద అరుస్తావు?"

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పెద్దమ్మ కూతురు కళ్ళు తుడుచుకుని, "నేను యాడ పెట్టుకునేది అక్కా? నువ్వే తీసుకపో" అంది. యజమాని చూస్తుండగానే, ఆ కూలీలే డ్రమ్మును మా మిద్దె మీదికి మోశారు.

అందరూ పోయాక మూత తీశాను. బీరకాయ తొక్కలు పైనే ఉన్నాయి, ఇంకా పచ్చగానే. వాటి మీద మన్ను లేదు. ఆమె మరవలేదు, ఆయన వెయ్యనివ్వలేదు.

కుండీలోంచి గుప్పెడు ఎర్రమన్ను తీసి చల్లాను. ఒక తొక్క కొస మాత్రం మన్ను పడక పచ్చగా పైకి కనిపిస్తోంది. ఇంకో గుప్పెడు వెయ్యడానికి నాకు చేయి రాలేదు.