పొడవని పచ్చబొట్టు

దయ్యాలూ గాలి సోకడాలూ నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరికైనా పూనకం వచ్చిందంటే "పొద్దున ఏమన్నా తిన్నదా?" అని అడిగే రకం ఆడదాన్ని. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. మా చెల్లెలు సైదమ్మను అంతకుముందే మిర్యాలగూడలో మేనత్త కొడుక్కు ఇచ్చాం. కాన్పయిన కొన్నాళ్లకు దాని ముంజేతి మీద పచ్చబొట్టు, చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు, ఎర్రగా పొంగింది. గీత ఉన్నచోటే వాపు, పక్కన చర్మం మామూలే. తేలు లోపలి నుంచి లేచి వస్తున్నట్టుంది. కబురంది పోయి నా కళ్లతో చూశాను.

అత్త అది పెద్దరోగమే అంది. పాలు తాగే పిల్లను లాక్కుని, చెల్లెలిని పశువుల కొట్టంలో ఉంచింది. పిల్ల ఏడ్చినప్పుడల్లా చెల్లెలి రవిక పాలతో తడిసిపోయేది.

చెల్లెలిని సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు దూదితో తాకి, సూదితో గుచ్చి చూశాడు. స్పర్శ బాగానే ఉంది. కుష్టు కాదు, అంటదు, ఎక్కడో ఒకరికి వచ్చే వాపు జబ్బు, పాత మచ్చల్లో, పచ్చబొట్లలో ఇట్లా లేస్తుంది అన్నాడు.

అత్త వింటేగా! "డాక్టరుకేంది, చెప్పి పోతడు. పసిగుడ్డుకు అంటుకుంటే ఎవలు దిక్కు?" అంది.

మరునాడు మధ్యాహ్నం కొట్టం దగ్గర చెల్లెలికి నీళ్లు పోస్తుంటే నడుము పక్కన కొత్త వాపు కనబడింది. ఐదు చుక్కలు, చుట్టూ గీత. అక్కడ దానికి పచ్చబొట్టు లేదు, మచ్చా లేదు. చిన్నప్పటి నుంచి తలంటు పోసింది నేనే, నాకు తెలియదా? కేక వేశాను. అత్త పరుగెత్తుకొచ్చి, వంగి చూసి, పక్కనే కూర్చుంది.

"ఇది మా వదినె చేతిది. మణికట్టు మీద పొడిపిచ్చుకుంటుంటే నేను పక్కనే కూసున్న. దీన్ని సంకనెత్తుకుంటే ఆ చెయ్యి గీడనే ఆనేది" అంది.

అత్తకు వదిన అంటే మా అమ్మ. చెల్లెలికి నడక రాకముందే పోయింది. ఆ పచ్చబొట్టు సంగతి నాకే గుర్తు లేదు.

అత్త లేచి ఇంట్లోకి పోయి, పిల్లను తెచ్చి చెల్లెలి తడి ఒళ్లో పెట్టింది. "తాపు, బిడ్డా" అంది.

తరువాత వాపులన్నీ తగ్గిపోయాయి. నడుము మీద చిన్న మరక కూడా మిగల్లేదు. జరిగింది చెబితే, అక్కడ పాత మచ్చ ఉండే ఉంటుందని డాక్టరు అన్నాడు. లేదని ఒట్టేసి చెబుతాను. మరి ఎట్లా వచ్చిందంటే, నాకు తెలియదు. ఆ పూట నుంచి పిల్ల తల్లి దగ్గరే పడుకుంది, అంతే తెలుసు.